క్లాసులో అన్నిటికన్నా స్లో లాప్‌టాప్ ఎవరిదండీ?

నిన్న పొద్దున నానక్‌రామ్‌గూడ సిగ్నల్ దగ్గర క్యాబ్‌లో ఉన్నా. మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూప్‌లో మెసేజ్.

కామేశ్వరరావు సార్ ఇక లేరు.

రెండుసార్లు చదివా. గుండెపోటట. కింద అప్పటికే వరసగా చేతులు జోడించిన ఎమోజీలు.

మధ్యాహ్నానికి కాలేజీ పేజీలో కూడా పోస్ట్ వచ్చింది. తీరని లోటట. గణితానికి అంకితమైన జీవితమట. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఆయన్ని మ్యాథ్స్ ల్యాబ్ నుంచి తీసేసి బస్సుల ఇన్‌చార్జ్‌గా వేసింది ఈ కాలేజీయే. ఏ రూట్ బస్సు ఎంత లేటుగా వచ్చిందో రిజిస్టర్ రాయించారు, జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషితో.

వాళ్ళని తిడుతున్నా కదా అని నన్ను మంచిదాన్ని అనుకోకండి. చివరిదాకా చదవండి.

సార్ మాకు సెకండియర్‌లో ఇంజినీరింగ్ మ్యాథ్స్ చెప్పారు. బోర్డు మీద చేసిన లెక్కని కంప్యూటర్ మీద కూడా చేసి చూడాలని ఆయన పట్టుదల. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో తేల్చడానికి ఒకరోజు క్లాసుకొచ్చి అడిగారు.

"క్లాసులో అన్నిటికన్నా స్లో లాప్‌టాప్ ఎవరిదండీ?"

నాదే అని అందరికీ తెలుసు. మా నాయిన ఇక్కడే ఒక ఐటీ టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ. ఎవరో వాడి పడేసిన లాప్‌టాప్ కొనిచ్చాడు. ఆన్ చేస్తే మిక్సీలా మోగేది.

సిగ్గుతో చచ్చిపోతూ చెయ్యెత్తా.

వారం రోజులు దాని మీద మూడు సాఫ్ట్‌వేర్లు వేసి చూశారు సార్. మొదటిది బాగా పేరున్నది. అది ఓపెన్ అయ్యేలోపు అటెండెన్స్ మొత్తం అయిపోయింది. రెండోది ఇంటర్నెట్ లేకపోతే కదలదు. మూడోది ఫ్రీగా దొరికేది. చూడ్డానికేమీ బాగోదు, కానీ నడిచింది.

"మనకిదేనండి. దీని మీద నడిచిందంటే అందరి దగ్గరా నడుస్తుంది" అన్నారు.

ఆ సాయంత్రం మా ఒక్క గది ఇంట్లో మీటిన తీగ ఎలా ఊగుతుందో చెప్పే ఈక్వేషన్ టైప్ చేస్తే స్క్రీన్ మీద నిజంగానే తీగ ఊగింది. ఒక నంబర్ మారిస్తే ఇంకా గట్టిగా ఊగింది. అప్పటిదాకా బట్టీ పట్టిన లెక్క కళ్ళ ముందు కదిలింది.

"అది ఊగితే నీకేమొస్తది బిడ్డా?" అన్నాడు నాయిన, డ్యూటీకి పోతూ.

ఇలాంటి లెక్కలు కంప్యూటర్ మీద చేసే ఉద్యోగం వచ్చింది నాయినా. ఆ తీగే ఇప్పించింది.

మూడేళ్ళ కింద కాలేజీ నన్ను పిలిచింది. సిలబస్ కమిటీలో బయటి కంపెనీ నుంచి ఒక ఎక్స్‌పర్ట్ కూర్చోవాలి, రూల్. మ్యాథ్స్‌కి కొత్తగా లైసెన్స్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నారు. అది ల్యాబ్ సిస్టమ్స్‌లోనే పనిచేస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి లేదు.

మీటింగ్ ముందురోజు సార్ ఫోన్ చేశారు. ఇన్నేళ్ళలో ఆయన నన్నడిగిన ఒకే ఒక్క సాయం.

"రేపు ఒక్క ప్రశ్న అడగమ్మా. ఇంటికెళ్ళాక పిల్లలు దేని మీద చేస్తారు అని. నేనడిగితే ముసలాడి చాదస్తం అంటారు. నువ్వడిగితే మీటింగ్ మినిట్స్‌లోకి ఎక్కుతుంది."

తప్పకుండా సార్ అన్నా.

మన కాలేజీల సంగతి తెలిసిందేగా. మీటింగ్ కంటే ముందే మినిట్స్ టైపై ఉంటాయి. వెళ్ళగానే శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, అందర్నీ నిలబెట్టి ఫొటో తీశారు. కూర్చోగానే కాగితం ముందు పెట్టారు. సుదీర్ఘ చర్చ జరిగిందని, ఇండస్ట్రీ ఎక్స్‌పర్ట్ సూచన మేరకే ఈ సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నామని ఉంది అందులో. నేనింకా నోరే తెరవలేదు.

ఒంటిగంటకి ఆఫీస్ కాల్ ఉందని నాకు నేను చెప్పుకున్నా. నిజానికి అదీ కాదు. మా నాయిన గేటు దగ్గర నిలబడి ఎంతమందికి సెల్యూట్ కొట్టాడో లెక్కలేదు. ఆ రోజు కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ నాకు కొట్టాడు. పైన శాలువా. ఆ పూట నాకది చాలా బాగుంది. పిలిచి మర్యాద చేసిన వాళ్ళ మాటకి అడ్డం పడబుద్ధి కాలేదు.

సంతకం పెట్టా.

ఎదురుగా సార్ నా వైపే చూస్తున్నారు. నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చుని ఫోన్ చూసుకున్నా.

సార్ నా కప్పు వైపు చూసి "టీ చల్లారిపోతోంది, తాగండి మేడమ్" అన్నారు.

ఆ తర్వాతే సార్‌ని బస్సులకి మార్చారు. ఇప్పుడా ల్యాబ్‌కి ఏసీ ఉంది. తాళం కూడా ఉంది, ఇన్‌స్పెక్షన్ వాళ్ళొస్తే తీస్తారు. పిల్లలు సీనియర్ల రికార్డులు చూసి గ్రాఫులు పెన్సిల్‌తో గీసి మార్కులు తెచ్చుకుంటున్నారు. నాకు ఊగిన తీగ వాళ్ళకి ఊగదు.

సార్ మాత్రం ఆదివారాలు ప్రగతి నగర్‌లో తన కిరాయి ఇంటి వరండాలో, వచ్చిన ప్రతి పిల్లాడి డొక్కు లాప్‌టాప్‌లో ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసిచ్చి నేర్పిస్తూనే ఉన్నారు. నేనిప్పుడుంటున్న తెల్లాపూర్ నుంచి పెద్ద దూరమేమీ కాదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి అనుకుంటూనే మూడేళ్ళు గడిపేశా.

నిన్న వెళ్ళా.

పేరు చెప్పగానే సార్ భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "స్లో లాప్‌టాప్ అమ్మాయివి కదూ? ప్రతి బ్యాచ్‌కీ నీ గురించే చెప్పేవారమ్మా. అందరి ముందూ చెయ్యెత్తిన పిల్ల అని."

మీటింగ్ సంగతి సార్ ఆవిడకి చెప్పనేలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

నేనూ చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆవిడ చదివితే చదవనీ.

కాలేజీ పోస్ట్‌లో పెట్టిన ఫొటో ఆ రోజుదే. పక్కనున్న నన్ను కత్తిరించారు కానీ పూర్తిగా తెగలేదు. ఆయన భుజం పక్కన మెరూన్ శాలువా అంచు కనిపిస్తోంది చూడండి. అది నేనే.

ప్రిన్సిపాల్ గారూ, మినిట్స్‌లో రాసుకోండి. ఇంటికెళ్ళాక పిల్లలు దేని మీద చేస్తారు?

అడిగాను సార్. మీరు లేనప్పుడు అడిగాను.

వెళ్ళిరండి. ఇకనైనా మీకు ప్రశాంతంగా ఉండాలి.