రంగారావు గారి డాక్టరేటు, గొర్రె చెవుల సాక్ష్యం

1949 మృగశిర కార్తెలో నేను సూర్యాపేట పశువుల దవాఖానలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. పేరు ఘనంగానే ఉంటుంది గాని, పట్టా పుచ్చుకుని మా శాఖలో చేరినవాళ్ళకు అది మొదటి మెట్టు. కోదాడ, మిర్యాలగూడ వైపు పల్లెలు కూడా నా తనిఖీ కిందే ఉండేవి. ఒక సైకిలు, ఒక మందుల పెట్టె, ఖాదర్ భాయ్ అనే కాంపౌండరు, ఇంతే నా బలగం.

చేరిన వారానికి జిల్లా అధికారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మా శాఖలోనే డిప్యూటీ డైరెక్టరుగా పనిచేసి ఐదేళ్ళ కిందట పదవీ విరమణ చేసిన రంగారావు గారు డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నారనీ, దవాఖాన పనికి ఆటంకం లేకుండా ఆయనకు సహకరించాలనీ దాని సారాంశం. మరుసటి వారం బొగ్గుతో నడిచే బస్సు దిగి ఆయనే వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి, ఖాకీ నిక్కరు, చేతిలో సీసాల పెట్టె. ఆయనకు గైడుగా ఉన్న ప్రొఫెసరు ఒకప్పుడు ఆయన దగ్గర పాఠాలు విన్నవాడని తెలిసి ఖాదర్ భాయ్ రెండు రోజులు నవ్వాడు.

"పింఛన్ తింటూ ఆరాంగ ఇంట్ల కూసోక, గీ వయసుల పరీక్షలేంది సాబ్?" అన్నాడు నాతో. నేనూ లోలోపల అదే అనుకున్నాను. పశువుకు సూది వేసే ప్రతివాణ్ణీ జనం డాక్టరనే పిలుస్తారు. పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషికి ఆ మాటే మళ్ళీ కాగితం మీద కావాలంటే, అది ముసలితనపు ముచ్చట అనిపించింది.

ఆయన ఎంచుకున్న విషయం గొర్రెలకు వచ్చే చిటుక రోగం. పొద్దున బాగా మేసిన గొర్రె చిటికె వేసినంతలో కాళ్ళు కొట్టుకుని చచ్చిపోతుంది కాబట్టి ఆ పేరు. తొలకరి పడి పచ్చిక లేచే రోజుల్లో ఎక్కువ. కళేబరం చల్లారక ముందే కోయాలి. మూత్రపిండం నానిన పిండిలా వేలికి అంటుకుంటే అనుమానం బలపడుతుంది. చిన్నపేగులో జానెడు ముక్కకు రెండు వైపులా దారం కట్టి కోసి, లోపలిది సీసాలోకి తీసి, రెండు చుక్కల క్లోరోఫాం వేసి హైదరాబాదు పంపాలి. ఈ పని జూనియర్ల చేత చేయించే హోదాలో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషి, బురదలో గొంతుకూర్చుని తానే చేసేవారు. లేచేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకునేవారు.

ఆయన నోటుబుక్కులో ఒక గడి నాకు అనవసరం అనిపించింది. ఆ రోజు మందను ఎన్ని గంటలకు మేతకు వదిలారు అన్నది. చచ్చిన గొర్రె ఎప్పుడు లేచిందో మనకెందుకు అని ఒకసారి అన్నాను కూడా. "రాస్తూ ఉండండి, పనికొస్తుంది" అన్నారు.

ఆషాఢం గడిచేసరికి ఒక సంగతి తేలింది. కోదాడ, అనంతగిరి, మిర్యాలగూడ వైపు చావులు ఎక్కువ. మోతె వైపు తక్కువ. అదే వాన, అదే గడ్డి. కారణం వెతుక్కుంటూ మోతె దగ్గర మల్లమ్మ అనే కాపరి దొడ్డికి వెళ్ళాం. భర్త పోయాక సొంత గొర్రెలతో పాటు నలుగురి గొర్రెలు కలిపి కాస్తున్న మనిషి. పొద్దు బారెడెక్కినా ఆమె మంద ఇంకా దొడ్డిలోనే జొన్నచొప్ప నములుతోంది.

"తడి ఆరేదాంక ఇడువం సారు. సొప్ప ఏసి, జరన్ని తుమ్మకాయలేసి, కడుపు సగం నిండినంక పచ్చ మీదికి తోల్తం. ఆకలి మీద లేత గడ్డి తిన్నదా, సిటుక్కున పోతది" అంది.

మరి కోదాడ వైపు వాళ్ళకు ఈ పద్ధతి తెలియదా అని అడిగాను.

"ఎందుకు తెల్వది? గాడ సర్కారు కాయితం అచ్చిందంట, తెల్లారంగనే మంద ఇడువాలె, దొడ్ల పెడితే గొర్రె బక్కగైతదని. పటేల్లు ఎంటబడ్డరు, గాళ్ళు ఇడిసిన్రు. మాకు గూడ అచ్చింది. మా పట్వారికి సొంతం మంద ఉండె. కాయితం సదివి, మడత పెట్టి, దఫ్తర్ల కట్టిండు. ఇగ గంతే." ఆమె చొప్ప విదిలించి, "గది రాసినోడు ఎన్నడన్న గొర్రెను కాసిండో లేదో" అంది.

రంగారావు గారు ఆ మాటలన్నీ పూర్తిగా రాసుకుని కలం మూసి, "కాయలేదమ్మా. ఆ కాగితం రాసింది నేనే" అన్నారు.

మల్లమ్మ చేతిలో చొప్ప కింద పెట్టింది. "మా అక్క మంద గా కాయితం అచ్చిన ఏడే ఖతమైంది, కోదాడ కాడ" అంది. తరువాత, "సరే, కూసో సారు. సల్ల తాగిపో" అని లోపలికి వెళ్ళింది. ఆయన చల్ల తాగారు.

తిరుగు దారిలో విషయమంతా చెప్పారు. పాతికేళ్ళ కిందట ఇన్‌స్పెక్టరుగా ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు, కాపరుల పద్ధతి మూఢాచారమనుకుని ఆ సర్క్యులర్ పంపారు. దాన్ని గట్టిగా అమలు చేయించినందుకే మొదటి ప్రమోషన్ వచ్చింది. తరువాత చావుల వార్తలు వస్తుంటే అంటురోగమని నివేదికల్లో రాశారు. అనుమానం సర్వీసు చివరి రోజుల్లోనే పుట్టిందట. తన ఆర్డరును తానే తప్పనడానికి సిగ్గుపడి ఊరుకున్నారు. రిటైరయ్యాక దాన్ని రద్దు చేయమని రెండుసార్లు రాస్తే, బయటి వ్యక్తి అభిప్రాయం మీద స్థాయీ ఉత్తర్వును మార్చలేమనీ, పరీక్షకు నిలిచిన పరిశోధన ఉంటే పరిశీలిస్తామనీ జవాబు వచ్చింది. ఆయనకు డాక్టరేటు ఎందుకు కావాలో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి గురించి లోలోపల అనుకున్న మాటలు గుర్తొచ్చి తలదించుకున్నాను.

శ్రావణంలో జిల్లా అధికారి క్యాంపుకు వచ్చారు. సర్క్యులర్ సంగతి ఆయన చెవిన పడింది. మర్యాదగానే మాట్లాడారు. గ్రామాల వారీ చావుల రిజిస్టర్లు శాఖవి. గ్రంథంలో సర్క్యులర్ గురించి రాసే పేజీ తీసేస్తే వాడుకోవచ్చు, లేకపోతే అనుమతి రద్దు. రిజిస్టర్లు లేకుంటే సిద్ధాంత గ్రంథమే లేదు. 'కొన్ని గ్రామాల్లో తెల్లవారుజామున మేపే అలవాటు ఉంది' అని రాస్తే చాలు గదా అన్నది ఆయన సలహా. గైడు కూడా అలాగే ఉత్తరం రాశాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నేనూ అదే అన్నాను. పాము చావకుండా, కర్ర విరగకుండా పోతుందని.

"అలవాటు అని రాస్తే తప్పు కాపరులది అవుతుందయ్యా" అన్నారు రంగారావు గారు. మరునాడే రిజిస్టర్లు మూటగట్టి నాకు అప్పజెప్పారు. ఇకపై ఆయనతో పల్లెలకు వెళ్ళవద్దని నా పేరు మీద ఆర్డరు వచ్చింది. ఉద్యోగం కొత్త, ఇంకా ఖాయం కాలేదు. భయపడి ఆగిపోయాను. ఆర్డరులో ఖాదర్ భాయ్ పేరు లేదు. అతను ఆ సందు పట్టుకుని, "నాకు ఎవరు మనా చేసిన్రు సాబ్?" అంటూ ముసలాయన్ను సైకిలు వెనక ఎక్కించుకుని పోయాడు.

మోతె వెళ్ళి రిజిస్టర్లు పోయాయని చెబితే మల్లమ్మ ఆశ్చర్యపోయిందట. "రిజిస్టరెందుకు? సెవులున్నయి గద" అందట.

ఇది ఆ ప్రాంతపు కాపరుల కట్టుబాటు. పరాయి గొర్రెను కాసేవాడు, అది చస్తే అమ్ముకోలేదని యజమానికి రుజువు చూపాలి. ప్రతి ఇంటి గొర్రెకూ చెవి మీద ఒక గుర్తుకోత ఉంటుంది. చచ్చిన గొర్రె చెవి కోసి, ఎండబెట్టి, దారానికి గుచ్చి, ఉగాదికి యజమాని ముందు పెడతాడు. చిటుక రోగంతో పోయిన దాన్ని గుర్తుపట్టడానికి చెవి పక్కన ఒక తుమ్మముల్లు గుచ్చుతారు. మూడు తాలూకాల్లోనూ ప్రతి కాపరి గుడిసె చూరుకూ ఆ ఏటి దండ వేలాడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ వాటి కింద నుంచే వంగి వెళ్ళి, గొర్రెలెన్ని పోయాయో చెప్పమని రిజిస్టరు తెరిచినవాళ్ళం మేము.

కార్తీకం దాకా ఆ ఇద్దరూ ఊరూరా తిరిగారు. మా రిజిస్టర్ల కంటే చెవులు చెప్పిన చావులే ఎక్కువ. తెల్లవారగానే మంద వదిలే ఊళ్ళ దండలు నేలకు జారుతుంటే, మోతె వైపు దండలు జానెడు దాటలేదు. చివరి నెల నేను సెలవు పెట్టి వాళ్ళతో తిరిగాను. అంతకు ముందే వెళ్ళలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

మౌఖిక పరీక్షకు రంగారావు గారు రెండు దండలు సంచిలో పెట్టుకుని వెళ్ళారు. సర్క్యులర్ ప్రతి, కింద తన సంతకంతో సహా, గ్రంథం చివర జతచేశారు. ఇది ఎవరి ఉత్తర్వు అని పరీక్షకుడు అడిగితే, "అభ్యర్థిదే" అన్నారట. డాక్టరేటు వచ్చింది. ఆయన ఆ పట్టా నకలు జతచేసి శాఖకు మూడో ఉత్తరం రాశారు.

మరుసటి తొలకరికి ముందు రద్దు ఉత్తర్వు సూర్యాపేటకు వచ్చింది. రెండు వాక్యాలు. కారణం గాని, ఆయన పేరు గాని అందులో లేవు. ఊరూరా చదివి వినిపించే పని నాకు పడింది. కోదాడ వైపు కాపరులు రెండోసారి చదివించుకున్నారు. మోతెలో మల్లమ్మ మాత్రం, "మేమెన్నడు ఇన్నమని ఇప్పుడు వద్దంటున్నరు?" అని మంద వెనక వెళ్ళిపోయింది.

మొదటి సర్క్యులర్ రాయడానికి తనకు ఒక పూట పట్టిందని రంగారావు గారు ఒకసారి చెప్పారు. దాన్ని వెనక్కి తీయించడానికి ఒక డాక్టరేటు పట్టింది. తరువాత నా సర్వీసులో నేనూ చాలా ఉత్తర్వులు రాశాను. రాసిన ప్రతిదాన్నీ, సంతకం పెట్టే ముందు, ఆ పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒకసారి చదివి వినిపించాను. కొన్ని అక్కడే చింపేశాను.