ఆ బండిని నడిపింది నిమ్మకాయ కాదు

మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా, విస్తర్లు ఎత్తేశాక మా కాక, నాన్న తమ్ముడు, ఒక కథ తీస్తాడు. మా బాపు మోటారుసైకిల్, ఆ ఫట్‌ఫటీ మీద నేను ఎక్కితే చాలు, బండి నడిదారిలో ఆగిపోయేదట. ఆడపిల్ల చదువుకు పోవడం దానికి కూడా గిట్టలేదట. చివరికి తాను హ్యాండిల్‌కు ఒక నిమ్మకాయ కట్టాక దోషం పోయి బండి నడిచిందట, నా చదువు గట్టెక్కిందట. కాబట్టి నా డిగ్రీలో సగం ఆ నిమ్మకాయదే. ఈ మాట దగ్గర అందరూ నవ్వుతారు. నా సొంత పిల్లలు కూడా నవ్వుతారు.

నేను నవ్వను. ఈ కథలో మొదటి సగం నిజం. అందుకే రెండో సగం మీద నాకింత మంట.

మాది నారాయణపేటలో మగ్గం ఇల్లు. బాపు చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసినవాడే. తరువాత తమ్ముడికి మగ్గం అప్పజెప్పి, ఇంటి చీరలూ ఇరుగుపొరుగు చీరలూ మూటగట్టి మహబూబ్‌నగర్ దుకాణాలకు వేసే పని పట్టుకున్నాడు. అందుకోసం పట్నం పోయి ఒక పాత ఫట్‌ఫటీ కొనుక్కొచ్చాడు. యుద్ధంలో తిరిగిన బండి అని అమ్మినవాడు చెప్పాడట. యుద్ధం సంగతి నాకు తెలియదు గాని, దూరాలు తిరిగి తిరిగి విసిగిపోయిన బండి అని మాత్రం చూడగానే తెలిసేది. ఆ కాలపు వైర్లకు పైన నూలు అల్లిక ఉండేది. అది చాలా చోట్ల పీచులు లేచిపోయింది. ఎక్కడ వైరు తెగినా బాపు ఇంకొకరిని పిలిచేవాడు కాదు, తెగిన పోగును అతికినట్టే అతికేవాడు. పైన గంజి పట్టిన నూలు చుట్టి గోటితో నునుపు చేసేవాడు. అతుకు ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేకపోయేవాళ్ళు. మా వాళ్ళ లెక్కలో అతుకు కనబడకపోవడమే అతుకు గొప్ప.

అరవైల నడుమ నేను మహబూబ్‌నగర్‌లో పీయూసీలో చేరాను. వారమంతా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని, సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. ఆడపిల్ల ఒంటరిగా బస్సు ఎక్కడానికి అమ్మ, మా అవ్వ, ఒప్పుకోలేదు. బాపు ఎలాగూ సోమవారం చీరలు వేసుకుని పోతాడు గనక, ఆ బండి మీదే పోవాలి, లేకపోతే చదువు మానాలి. ఇదీ ఒప్పందం. అంటే నా చదువు ఆ పాత ఇనుము దయ మీద ఉందన్నమాట.

దానికి దయ లేదు. మరికల్ దాటీ దాటకముందే ఏదో ఒక గుంతలో ఒక్కసారి కుదిపి నోరు మూసుకునేది. హెడ్‌లైటు నెత్తిన చిన్న మీటరు ఒకటి, అందులో ముల్లు ఉండేది. బండి నడుస్తున్నంతసేపూ ఆ ముల్లు కుదురు లేకుండా అటూ ఇటూ కొట్టుకునేది. కరెంటు పోగానే నడిమధ్య సున్నా మీద చచ్చినట్టు పడుకునేది. బాపు భుజం మీదుగా నేను దారి చూసేదాన్ని కాదు, చెట్టూ చేనూ చూసేదాన్ని కాదు, ఆ ముల్లునే చూసేదాన్ని. అది కొట్టుకుంటుంటే నా గుండె కొట్టుకునేది, అది పడుకుంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది.

ఆగగానే దిగేవాళ్ళం. బాపు ప్లగ్గు విప్పేవాడు, చొక్కా అంచుతో తుడిచేవాడు, మళ్ళీ బిగించి ఒక్క తన్ను తన్నేవాడు. బండి ఏమీ ఎరగనట్టు లేచేది. ఎక్కి కూర్చునేవాళ్ళం. కొంత దూరం పోయాక మళ్ళీ అదే తంతు. ఒక్కొక్కసారి మహబూబ్‌నగర్ దాకా ఆగకుండా పోయేది, అది ఇంకా అన్యాయం. పూర్తిగా పాడైన వస్తువును నమ్మడం మానేస్తాం. ఇది నమ్మించి చంపేది.

నేను తరగతికి పోయేసరికి తలుపు మూసి ఉండేది. బాపు పోయేసరికి దుకాణాల వాళ్ళు ఇంకెవరి దగ్గరో చీరలు తీసుకుని ఉండేవాళ్ళు. మళ్ళీ నేను ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కునేవాళ్ళం.

మూట ఒక్కటే వేసుకుని పోతే బండి ఆగడం లేదని ముందుగా పట్టుకున్నది కాక. పట్టుకుని ఊరుకోలేదు, మగ్గం మీద కూర్చుని వచ్చే పోయే వాళ్ళందరికీ చెప్పాడు. అన్న ఒక్కడు పోతే గాలి తీరు పోతాంది, ఈ పిల్ల ఎక్కితే ఎద్దు తీరు కూలబడుతాంది అని. అవ్వ దానికి తన మాట ఒకటి కలిపింది. నేను వాళ్ళతో పోట్లాడాను గాని, లోపల ఒకటే ఉడుకు. ఎందుకంటే వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. నేను దిగితే నడిచేది, నేనెక్కితే ఆగేది. అబద్ధం చెప్పేవాడితో వాదించవచ్చు. నిజం పట్టుకుని దానికి తప్పుడు అర్థం చెప్పేవాడితో ఎట్లా వాదించాలో అప్పటికి నాకు తెలియదు.

మహబూబ్‌నగర్‌లో మెకానిక్ ఒకడుండేవాడు, చాలా మాటకారి. బండిని మూడు నాలుగు మార్లు విప్పాడు. పాయింట్లు గీకాడు, ప్లగ్గు మార్చాడు, కొత్త బ్యాటరీ పెట్టించాడు. ప్రతిసారీ బాపును వెనుక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పి తెచ్చేవాడు. బండి ఒక్కచోట కూడా ఆగేది కాదు. చివరిసారి నన్ను ఎగాదిగా చూసి, బాపుతో అన్నాడు: “బండిల ఏం ఖరాబ్ లేదు సేట్. జర సవారీని మార్చి సూడు.” సవారీ అంటే బండెక్కే మనిషి, అంటే నేను.

బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

పరీక్షలు వచ్చాయి. సోమవారం పొద్దున మొదటి పేపరు. ఆదివారం సాయంత్రం అందరి ముందూ బాపు తేల్చేశాడు. దుకాణాల దగ్గర తన మాట పోతోందని, ఇంట్లో వారం వారం ఈ పంచాయితీ పడలేనని, రేపు బండి దారిలో ఆగిందంటే అక్కడి నుంచే ఇంటికి తిప్పుతానని. ఆగకపోతే పోయి పరీక్షలు రాసుకోమన్నాడు. బస్సుకు పంపమని అడిగాను. అవ్వ అటు తిరిగి పడుకుంది. తెల్లవారి మేము బయలుదేరేటప్పటికి కాక నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి హ్యాండిల్‌కు కట్టాడు. ఇగ ఫికర్ చేయకు అన్నాడు. ఆ మాటలో ప్రేమ కూడా ఉంది, కాదనను.

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. నిమ్మకాయ కట్టిన తరువాతే బండి ఆగింది. దేవరకద్ర ఇంకా దూరం ఉండగానే, కల్వర్టు పక్కన గుంతలో పడి ఆగింది. ముల్లు పడుకుంది. నిమ్మకాయ మాత్రం ఊగుతూనే ఉంది.

బాపు ఈసారి ప్లగ్గు విప్పలేదు. నన్ను దిగమన్నాడు. బండి ముఖం ఇంటి వైపు తిప్పి నిలబెట్టాడు. బీడీ వెలిగించి, నా ముఖం చూడకుండా చేల వైపు చూస్తూ నిలబడ్డాడు. పక్కన చింతచెట్ల కింద కాయ దులుపుతున్న ఆడవాళ్ళు పని ఆపి మమ్మల్నే చూస్తున్నారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపంలోనే బుర్ర కదిలింది. ఈ బండి నా కంటే బరువైన మూటను మోస్తుంది. నా కంటే లావైన మెకానిక్‌ను, బాపును ఇద్దరినీ కలిపి మోస్తుంది. మరి నాలో ఏముంది? మూటను బాపు వెనుక సీటు మీద రెండు పక్కలా సమంగా దించి తాళ్ళతో కడతాడు, నేనున్న రోజు మాత్రం ముందు ట్యాంకు మీద పెట్టుకుంటాడు. మొగవాళ్ళు చెరో పక్క కాలు వేసి కూర్చుంటారు. నేను ఆడపిల్లను గనక రెండు కాళ్ళూ ఎడమ పక్కకే వేసి, బరువంతా ఎడమ పక్కకే ఒరిగి కూర్చుంటాను.

బాపుకు చెప్పాను. వినిపించుకోలేదు. కిక్కు కొట్టాడు, లేచింది. ఇంటికి పోదాం ఎక్కు అన్నాడు. లంగా పిక్కల పైకి లాక్కుని, చెరో పక్క కాలు వేసి ఎక్కాను.

చెట్ల కింద నుంచి ఒకావిడ గొంతు: “అగో, మొగపిలగాని తీరు ఎక్కె సూడే.”

బాపు వెనక్కి తిరిగాడు. చూసి చటుక్కున ముఖం తిప్పుకున్నాడు.

“దిగు.”

“దిగ. ఇంటికే గద పోతున్నం, పోనీ. బండి ఆగితే దిగుత.”

“నలుగురు సూస్తున్నరు బిడ్డా.”

“వాళ్ళు పోయి రాస్తరా బాపు నా పరీక్ష?”

ఏమనుకున్నాడో, అక్కడి నుంచి తప్పించుకుంటే చాలనుకున్నాడో, బండి దూకించాడు. కల్వర్టు దాటింది, గుంతలు దాటింది. రుజువైందనుకుని, ఆపమని నేనే భుజం తట్టాను. ఆపలేదు. ఇంకా పెద్ద గుంత చూసి కావాలనే దాని మీదుగా పోనిచ్చాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయనకూ తెలుసుకోవాలని ఉంది. వేగం తగ్గించగానే మెల్లగా రెండు కాళ్ళూ ఎడమ పక్కకు తెచ్చుకున్నాను. ఆ తరువాతి గుంతలోనే ముల్లు పడుకుంది, బండి ఆగింది.

ఇద్దరం రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం. వెనుక సీటు కింద రెండు స్ప్రింగులు. ఎడమ స్ప్రింగుకు ఆనుకుని బ్యాటరీ నుంచి హెడ్‌లైటు మీది ఆ మీటరుకు పోయే లావు వైరు, ఇంజనుకు కరెంటు దాని మీదుగానే. చేత్తో సీటును ఎడమకు నొక్కితే స్ప్రింగు వైరును లాగుతోంది. వదిలితే వైరు మళ్ళీ యథాస్థానానికి వస్తోంది. లాగిన చోట బాపు వేళ్ళకు తగిలింది ఒక అతుకు. గంజి నూలు చుట్టి, గోటితో నునుపు చేసిన, ఎంత చూసినా కనబడని అతుకు. మెకానిక్ కన్ను దాని మీదుగా ఎన్నిమార్లు జారిపోయిందో.

చుట్టును నేను పళ్ళతో కొరికి విప్పాను, మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకు అది అలవాటే. లోపల రాగి తీగలు పచ్చబడి ఉన్నాయి. వాటి నడుమ తెల్లగా, పొడిపొడిగా ఎండిన గంజి. పోగు అతికేటప్పుడు వేళ్ళు గంజిలో అద్దుకుని నులుముతారు. బాపు వైరును కూడా అట్లాగే, లోపలి తీగలకు గంజి అద్ది మరీ నులిమాడు. నూలును కలిపి పట్టుకునే గంజి రాగిని విడదీసి కూర్చుంది. కదలనంతసేపూ ఏదో ఒక తీగ తగులుతుంది, కాస్త లాగితే అదీ పోతుంది.

బాపు ఆ గంజి పొడిని వేలి మీద పెట్టుకుని చూశాడు. పోగులు కత్తిరించే చాకు తీసి రాగి ఎర్రగా మెరిసేదాకా గీకాడు. పొడిగా, గట్టిగా మెలిపెట్టి గుడ్డపేలిక చుట్టాడు. ముడి ఇంత లావున వచ్చింది, వికారంగా ఉంది. దాన్ని స్ప్రింగుకు దూరంగా జరిపి కట్టాడు. బండి ముఖం మహబూబ్‌నగర్ వైపు తిప్పాడు.

“ఇగ ఎప్పటి తీరు కూసో.”

ఎప్పటిలాగే ఒక పక్కకు కూర్చున్నాను. దారి పొడుగునా ముల్లునే చూశాను, అది పడుకోలేదు. గంట కొట్టిన తరువాత పోయాను, కసిరి లోపలికి రానిచ్చారు. రాశాను. ఆ తరువాత ఆ బండి నన్నెప్పుడూ నడిదారిలో వదలలేదు.

పరీక్షలై ఇంటికి వచ్చిన రోజు, మగ్గం మీద నుంచే కాక అడిగాడు, బండి ఎట్లా పోయిందని. నేను నోరు తెరిచేలోపే బాపు అన్నాడు: “నీ నిమ్మకాయ మంచిగ పనిచేసెరా.”

నేను బాపు ముఖం చూశాను. బాపు కూడా నావైపు చూశాడు. అంతే, నా నోరు మూతపడింది. నా నోరు మూయించగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. చదువు సాగుతోంది కదా, నిమ్మకాయ అయితేనేం అనుకున్నాను.

నిజం చెబితే కూతురు రోడ్డు మీద మొగవాడిలా కూర్చున్న సంగతి బయటపడుతుంది. తమ్ముడి ముందర తన చేతి అతుకు చెడిందని కూడా బయటపడుతుంది. ఈ రెండింటిలో ఏది దాచుకున్నాడో చాలా ఏళ్ళు తేల్చుకోలేకపోయాను. ఒక్కోసారి నన్నే కాపాడాడనుకుంటాను, ఒక్కోసారి తనను తానే కాపాడుకున్నాడని కోపం వస్తుంది. ఇప్పుడు అడగడానికి బాపు లేడు.

కాని ఇంకొకటుంది, అదే నన్ను కుదురుగా ఉండనివ్వదు. తరువాతి సోమవారం కాక నిమ్మకాయ సంగతే మరిచిపోయాడు. ఆ లావు ముడిని వేళ్ళతో తడిమి చూసుకున్న తరువాత, బాపే వంటింట్లోకి పోయి ఒక నిమ్మకాయ తెచ్చుకుని, గడపలో నిలబడ్డ నన్ను చూడకుండా హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. చూపించడానికి అక్కడ కాక లేడు, అవ్వ లేదు. మరి అది ఎవరి కోసం కట్టాడు?