గ్రిమ్‌సెల్ ఘాటు దిగుతూ నిద్రపోయాను

మా సంఘంలో కుర్రాళ్ళు "అంకుల్, స్విట్జర్లాండు వెళ్ళొచ్చారట, మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎలా వెళ్ళారో రాయండి" అని రెండు ఆదివారాలు వెంటపడ్డారు. అందుకని రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. బైబిలూ, రోడ్డు పక్క బోర్డులూ తప్ప నేను పెద్దగా చదివింది లేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి. రోడ్డు సంగతిలో మాత్రం తప్పుండదు. ముప్పై ఒక్క ఏళ్ళు లారీ తోలాను, అందులో సగం అరకు ఘాటు, చింతపల్లి ఘాటు.

ప్రయాణం ఎలా మొదలైందంటే, మా అల్లుడు శ్రీకాంత్‌కి స్విట్జర్లాండులో బాసెల్ అనే ఊళ్ళో ఆఫీసు మీటింగులు పడ్డాయి. అమెరికాలో మేముండే క్యారీలో అతను పనిచేసే మందుల కంపెనీకి అక్కడో ఆఫీసుంది. మీటింగులు శుక్రవారంతో అయిపోతాయి, శని ఆదివారాలు ఖాళీ. మా అమ్మాయి కరుణకి ఆసుపత్రి డ్యూటీలు, మనవరాలికి స్కూలు, వాళ్ళకి కుదరలేదు. "అమ్మనీ నాన్ననీ తీసుకెళ్ళి కొండలు చూపించు" అని మొగుడికి చెప్పింది. మా ఆవిడ సువార్తమ్మ ఆ రాత్రే చేగోడీలు వండటం మొదలెట్టింది. నేను ఒప్పుకున్నది కొండల కోసం కాదు. ఆ వేసవిలోనే కంటి డాక్టరు నా కుడి పక్క చూపు అంచు నుంచి తగ్గిపోతోందనీ, ఇంకో పరీక్ష అయ్యేదాకా స్టీరింగు పట్టుకోవద్దనీ అన్నాడు. ఆ రోజు నన్ను తీసుకెళ్ళింది శ్రీకాంతే. "ఇంట్లో చెప్పకండి" అన్నాను. చెప్పలేదు. చూపు పూర్తిగా పోకముందు ఒక్క ఘాటు నా చేత్తో తోలి, ఆ తరవాత మానేద్దామని నా ఆలోచన. అది అతనికి కూడా చెప్పలేదు.

అల్లుడి గురించి ఒక మాట. వాళ్ళది వరంగల్ వైపు, హిందూ కుటుంబం. మా అమ్మాయీ అతనూ వాళ్ళే చూసుకుని చేసుకున్నారు. మంచివాడే, కానీ పదకొండేళ్ళుగా నాకూ అతనికీ మధ్య "అల్లుడుగారూ బాగున్నారా", "బాగున్నం మామయ్యా" దాటి మాట లేదు. అతను కారు తోలుతుంటే నేను ఒక్కసారి కన్ను మూసింది లేదు. లారీ కేబిన్‌లో అది కట్టుబాటు. పక్కన తోలేవాడి మీద పూర్తిగా నమ్మకం ఉంటేనే డ్రైవరన్నవాడు నిద్రపోతాడు. నేనైతే కూర్చున్న చోటే కుడి కాలు నేలకేసి నొక్కుతుంటాను. మమ్మల్ని చర్చికి దింపే దారిలో అతను రెండు మూడుసార్లు నవ్వుతూ అన్నాడు కూడా, "మామయ్యా, ఆ పక్క బ్రేక్ లేదు" అని.

సెప్టెంబరులో వెళ్ళాం. మా పక్క ఊరు రాలీలో విమానం ఎక్కి, మధ్యలో ఒక చోట మారి జూరిక్‌లో దిగాం. అక్కడి నుంచి బాసెల్‌కి రైలులో గంట. శనివారం పొద్దున తొమ్మిదికి అద్దెకారు తీసుకోడానికి వెళ్తే అసలు సంగతి బయటపడింది. మన అమెరికా తెలుగువాళ్ళు మాత్రమే చేసే తప్పు మా శ్రీకాంత్ చేశాడు. కారు రంగు చూశాడు, డిక్కీ ఎంతో చూశాడు, గేర్లు చూసుకోలేదు. అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండే. ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగాలి. అతను ఇండియాలో బైకు తప్ప నడపలేదు, కారు అమెరికాలో నేర్చుకున్నాడు. కౌంటర్‌లో అమ్మాయి మెత్తగానే చెప్పింది, ఆటోమేటిక్ సోమవారం దాకా రాదట.

"క్యాన్సల్ చేసి రైల్లో పోదామా మామయ్యా" అన్నాడు.

"ఎందుకండీ, నేను తోలుతాను" అని జేబులోంచి నా నార్త్ కరోలినా లైసెన్సు తీసి కౌంటర్ మీద పెట్టాను.

అతను నా చెవి దగ్గరికొచ్చి "డాక్టర్ ఏమన్నడో..." అని మొదలెట్టాడు. నేను అతని వంక చూశాను. ఆగిపోయాడు. నేను చేసింది తప్పే, రాసేటప్పుడు దాచను. తాళం చేతిలో పడ్డాక నాకు ఇరవై ఐదేళ్ళ వయసు వచ్చినట్టయింది.

బాసెల్ నుంచి లూసర్న్ వంద కిలోమీటర్లు, పెద్దరోడ్డు, గంటంబావు. ఆ రోడ్ల మీద వెళ్ళాలంటే ఏడాదికి నలభై ఫ్రాంకుల స్టిక్కరు ఉండాలి, మా అద్దెకారు అద్దానికి ముందే అంటించి ఉంది. మూడో గేరు, నాలుగో గేరు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోతోంది. పచ్చిక మీద ఆవులు, వాటి మెడలో మన కంచు చెంబులంత గంటలు. పక్కన కూర్చున్న శ్రీకాంత్ ఆ రోజు ఎన్నడూ లేనంత మాట్లాడుతున్నాడు, అదీ వెనక కూర్చున్న అత్తగారితో.

"అత్తమ్మా, కుడి పక్క చూడండి, తెల్ల వ్యాన్ వస్తుంది. రోడ్డు ఎక్కుతుంది."

"చూశాను నాయనా."

"అత్తమ్మా, కుడి పక్కన పెద్ద లారీ. మన పక్కనే ఉంది."

"వ్యానులూ లారీలూ చూడ్డానికా సముద్రం దాటొచ్చింది? ఆ లారీల మొహం చూసే కదా నా వయసంతా గడిచింది. కొండలేవైనా ఉంటే చెప్పు బాబూ" అంది మా ఆవిడ. నేనూ నవ్వాను. ఈ కుర్రాడికి చూపించడం కూడా రాదనుకున్నాను.

లూసర్న్ ఊళ్ళోకి వచ్చాం. సరస్సు, నీళ్ళ మీద పైకప్పున్న చెక్క వంతెన, హంసలు. సరిగ్గా అప్పుడు కరుణ ఫోను. క్యారీలో తెల్లవారుజాము, డ్యూటీకి వెళ్తూ చేసింది. శ్రీకాంత్ తల వంచి ఫోను అందుకున్నాడు, అర నిమిషం కూడా కాదు. నేను కుడికి తిప్పాను.

"మామయ్యా, కుడి, కుడి" అని అరిచాడు.

బ్రేకు తొక్కాను. బానెట్టుకి జానెడు దూరంలో సైకిలు. దాని మీద నా ఈడు ముసలావిడ, బుట్టలో కాడలతో ఉల్లిపాయలు. ఆవిడ బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకుని, నా మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఒక పార్కింగు మేడలో పై అంతస్తుకి ఎక్కించి బండి ఆపాను. అప్పుడు అర్థమైంది నాకు. వంద కిలోమీటర్లు ఈ కుర్రాడు చూపించింది మా ఆవిడకి కాదు. నా కుడి కన్ను తను అయ్యాడు. నా పరువు పోకుండా, వెనక ఉన్న మనిషికి అనుమానం రాకుండా, వ్యాన్లూ లారీలూ చూపించే తెలివితక్కువవాడిలా మాటలు పడ్డాడు. ఫోను తీసిన అర నిమిషమే నేను గుడ్డివాణ్ణి.

వెనక్కి తిరిగి "సువార్తా, నీకో సంగతి చెప్పాలి, నా కన్ను..." అన్నాను.

"తెలుసండీ" అంది. "మూడు నెలల నుంచీ కుడి పక్కన గ్లాసు పెడితే చెయ్యి తగిలి పడేస్తున్నారు. ఎడమ పక్కన పెడుతున్నాను, మీరు గమనించలేదు. మీ నోటితో మీరే చెప్తారని చూస్తున్నాను."

నేను తాళం తీసి శ్రీకాంత్ చేతిలో పెట్టాను. "నువ్వు తోలు బాబూ" అన్నాను. పదకొండేళ్ళలో అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"నాకు గేర్లు రావు కదా మామయ్యా."

"నాకొచ్చు కదా."

ఆ పై అంతస్తులో కార్లు లేవు. అక్కడే మా బడి. మొదటి అరగంటలో బండి ఇరవైసార్లు ఆగిపోయింది. మా ఆవిడ దిగిపోయి గోడ పక్కన నిలబడి చేగోడీలు తింటూ, "నేను బతికుండి మనవరాలి పెళ్ళి చూడాలి, మీరు కానివ్వండి" అంది. శ్రీకాంత్‌కి క్లచ్చు ఎప్పుడు వదలాలో తెలియడం లేదు, చటుక్కున తీసేస్తున్నాడు. ఎలా చెప్పాలో నాకూ తోచలేదు. చివరికి అడిగాను, "పిల్ల నీ చెయ్యి మీద నిద్రపోయిందనుకో. లేవకుండా చెయ్యి ఎలా తీస్తావు?"

అతను ఆలోచించాడు. "మెల్లగ. కొంచెం తీసి ఆగుత. మళ్ళ కొంచెం."

"కాలు కూడా అంతే."

బండి కదిలింది. మూడు గంటల పార్కింగుకి పన్నెండు ఫ్రాంకులయింది. చెక్క వంతెన మీద ఒకసారి అటూ ఇటూ నడిచి, సరస్సు ఒడ్డున కాఫీ తాగాం, కప్పు ఐదు ఫ్రాంకులు. మధ్యాహ్నం మూడుకి బయల్దేరి, బ్రూనిగ్ అనే చిన్న కనుమ దాటి, బ్రియెంజ్ చేరేసరికి ఐదు. మామూలుగా గంట దారి, మాకు రెండు పట్టింది. ఎత్తు మీద సిగ్నల్ దగ్గర రెండుసార్లు బండి ఆగిపోతే వెనకవాళ్ళు ఒక్క హారను కొట్టలేదు. రాత్రి హోటల్‌లో బంగాళాదుంప తురుముతో దోరగా కాల్చిన అట్టు పెట్టారు. వండినావిడ వచ్చి ఎలా ఉందని అడిగితే, మా ఆవిడ పచ్చిమిరపకాయ ఉంటే ఇంకా బాగుంటుందని సైగలతో చెప్పింది. ఆవిడ నిజంగానే ఒకటి తెచ్చిచ్చింది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి గ్రిమ్‌సెల్ దారి పట్టాం. బ్రియెంజ్ నుంచి మైరింగెన్ మీదుగా పైదాకా నలభై ఐదు కిలోమీటర్లు, గంట దారి. ఎత్తు రెండు వేల నూట అరవై మీటర్లు, అరకు ఊరున్న ఎత్తుకి రెండింతల పైన. మంచు పడటం మొదలైతే మూసేస్తారు. జూన్ నుంచి అక్టోబరు లోపలే వెళ్ళండి, వెళ్ళే రోజు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

ఘాటు మొదట్లో బండి పక్కకి ఆపించాను. మా రోజుల్లో తోటి డ్రైవర్లు అక్కడ కొబ్బరికాయ కొట్టేవారు. నేను తలకున్న తువ్వాలు తీసి, ప్రభువా అని ఎక్కించేవాణ్ణి. ఇప్పుడు టోపీ తీశాను. మా ఆవిడ పొట్టి ప్రార్థన చేసింది. శ్రీకాంత్ స్టీరింగుని తాకి ఆ చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఇదివరకైతే ఆ పనికి నేను మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. ఆ రోజు తిప్పుకోలేదు.

ఎక్కేటప్పుడు నేను చెప్తూనే ఉన్నాను, రెండో గేరు, ఇప్పుడు మూడు, మళ్ళీ రెండు. ఒక పక్క ఏనుగు వీపుల్లాంటి బూడిదరంగు బండలు, ఇంకో పక్క లోయలో ఆనకట్ట కట్టిన నీళ్ళు, పాలల్లో పచ్చరంగు కలిపినట్టు. వంపుల దగ్గర పసుపు రంగు పోస్టు బస్సు మూడు స్వరాల హారను కొట్టుకుంటూ వస్తుంది. ఆ హారను వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. వంపులో హారను కొట్టే మనుషులు ఈ దేశంలోనూ ఉన్నారు.

పైన ఒక చిన్న సరస్సు, చలిగాలి, రెండు హోటళ్ళు. బస్సు డ్రైవరు దిగి సిగరెట్టు కాలుస్తున్నాడు. శ్రీకాంత్ చేత అడిగించాను, దిగేటప్పుడు బ్రేకు వాడతారా గేరు వాడతారా అని. ఆయన నవ్వి, రెండో గేరన్నట్టు వేళ్ళతో రెండు చూపించి, ఎవరు డ్రైవరని అడిగాడట. శ్రీకాంత్ నన్ను చూపించి ఏదో చెప్పాడు.

"ఏం చెప్పావు?"

"నలభై టన్నులు ఎక్కించిన డ్రైవర్ అని చెప్పిన."

"పది టన్నులే."

"ఉండనీయండి మామయ్యా, ఆయనకేం తెలుసు."

ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. నేను స్టీరింగు పట్టకుండా ఎక్కిన మొదటి ఘాటు అది. బాధ లేదంటే అబద్ధం. కాసేపు ఆ నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాను. శ్రీకాంత్ వచ్చి నా కుడి పక్కన నిలబడ్డాడు.

వచ్చిన దారినే దిగడం పదకొండింటికి మొదలెట్టాం. "ఎక్కిన గేరులోనే దిగు. బ్రేకు తొక్కుతూ కూర్చోకు, కాలుతుంది. ఇంజనే పట్టుకుంటుంది" అన్నాను. మొదటి వంపు, రెండో వంపు. నా కుడి కాలు నేలకేసి నొక్కి ఉంది. మూడో వంపులో నేను చెప్పకముందే రెండో గేరుకి దించాడు. ఇంజను గొంతు లావైంది, బండి తనంతట తనే నెమ్మదించింది. నాలుగో వంపు, ఐదో వంపు. క్లచ్చు వదిలితే తెలియను కూడా తెలియలేదు. అంతవరకే నాకు గుర్తు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బ్రియెంజ్ సరస్సు. నా మీద మా ఆవిడ శాలువా కప్పి ఉంది. ఘాటు మొత్తం అయిపోయింది.

"నోరు తెరుచుకుని మరీ నిద్రపోయారు" అంది మా ఆవిడ.

శ్రీకాంత్ రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. "మామయ్య పడుకున్నడని చెప్తే కరుణ నమ్మలేదు. ఆపినప్పుడు ఫోటో తీసి పంపిన" అన్నాడు.

అక్కడి నుంచి బెర్న్ గంటంబావు. రాతి వరండాల కింద నడిచి, గంట కొట్టినప్పుడు బొమ్మలు తిరిగే పాత గడియారం చూసి, మళ్ళీ గంటంబావులో బాసెల్ చేరి ఏడు లోపల బండి అప్పగించాం. బెర్న్ బాగుంది, అందులో సగం దారి కూడా నేను నిద్రలోనే ఉన్నాను, కాబట్టి ఎక్కువ రాయలేను.

ఇంటికొచ్చాక నా అంతట నేనే లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసుకి వెళ్ళి లైసెన్సు ఇచ్చేసి, ఉత్త ఐడీ కార్డు తెచ్చుకున్నాను. తీసుకెళ్ళింది శ్రీకాంతే. చేతికొచ్చిన విద్య వదిలేయడం కష్టమని అందరూ అంటారు, నిజమే. కానీ అది ఇంకొకరి కాలికి, చేతికి ఎక్కడం నేను చూశాను. ఒక మనిషిని పదకొండేళ్ళు పక్క సీట్లోంచి చూస్తూ, అతని తోలకమే చూశాను గానీ మనిషిని చూడలేదు. దానికి కంటి జబ్బు కారణం కాదు. మెచ్చుకోవడం నాకు నోటితో రాదు. నిద్రపోయాను, అతనికి అర్థమైంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. కారు బుక్ చేసేటప్పుడు ఆటోమేటిక్ అవునో కాదో చూసుకోండి. గేర్ల బండే దొరికితే, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పక్క సీట్లో ముసలాడెవరైనా నిద్రపోతే లేపకండి.