ఏడు నీళ్ల ఇసుక

నా చిన్నప్పుడు కడపలో, మా వీధిలో నీళ్లు పారబోసిన పిల్లకు తన్నులు తప్పేవి కావు. ముఖం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోవాలి, బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితిలోకి పోవాలి. ఎండాకాలంలో అమ్మ బావి నుంచి మోసుకొచ్చే ఆరు బిందెలతోనే ఇంటిల్లిపాదికీ గడవాలి. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తప్పు నీళ్లున్న ఊరి పిల్ల చేసేది కాదు.

ఆ ఏడు మా చెల్లెలు గోడ మీది నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టినాయన నలభై రోజులు మంచం మీద కదలకూడదని చెప్పిపోయాడు. దానికి ఆరేండ్లు. రెండు రోజులు ఓర్చుకుంది, మూడోరోజు నుంచి ఇల్లు పీకి పందిరేసింది. కదిలితే కాలు వంకరగా కుదురుతుందని అమ్మకు ఒకటే దిగులు. దాన్ని కదలకుండా పడుకోబెట్టడానికి మాకు తెలిసిన కథలన్నీ అయిపోయాయి.

పక్కింట్లో ఒక సాయబు తాత ఉండేవాడు. దేవుళ్ల పటాలకూ పెండ్లి ఫోటోలకూ అద్దాలు కోసి బిగించడం ఆయన పని. కాలువకు నీళ్లు నిలిపేసిన వారం, మడుగులో మిగిలిన మూడు పరక చేపపిల్లలను చెంబులో వేసుకొచ్చి చెల్లెలి మంచం పక్కన పెట్టాడు. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. చేపలు నట్టింట్లోకా అని అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మా జేజి, అదే మా నాయనమ్మ, మాత్రం, వండితే కదా తప్పు, చూస్తే ఏం తప్పు అంది. చెల్లెలు ఆ చెంబులోకి చూస్తూ ఆ పూటంతా ఏడవలేదు. దాంతో వాదన అయిపోయింది.

చెంబులో అవి ఎన్నాళ్లు బతుకుతాయి? మిగిలిన అద్దం ముక్కలతో తొట్టి చేద్దామన్నాడు తాత. నేను పొద్దున్నే పోయి ఆయన అరుగు మీద కూర్చున్నాను. కొనకు రవ్వంత వజ్రం పొదిగిన కలం ఒకటి ఉండేది ఆయన దగ్గర. చెక్కబద్ద ఆనించి దాంతో ఒక్క గీత గీసి, బల్ల అంచున పెట్టి చిన్నగా వంచితే అద్దం ఆ గీత వెంబడే రెండుగా విడిపోయేది. నేనూ గీస్తానని ఆయన ప్రాణం తీశాను. ఇచ్చాడు. గీత సన్నగా పడిందేమోనని నాకు అనుమానం. గట్టిగా ఉంటుందని దాని మీదే ఇంకో రెండుసార్లు గీశాను. వంచగానే అద్దం అడ్డదిడ్డంగా పగిలింది. ఆయన దగ్గరున్న పెద్ద ముక్క అదొక్కటే.

"అద్దం ఒక్క మాటే వింటాది పాపా. రెండోసారి చెప్తే అలుగుతాది," అన్నాడు. తిట్టలేదు. తొట్టిని నాలుగు అంగుళాలు పొట్టి చేసుకున్నాడు, అంతే.

అంచులకు డబ్బారేకు, సందులకు సుద్దపొడీ అవిసెనూనే కలిపి పిసికిన లప్పం. తొట్టి తయారైంది. నింపడానికి అమ్మ ఒక బిందె ఇచ్చి, ఇదే మొదలు, ఇదే ఆఖరు అంది. రోజూ నీళ్లు మార్చే ఆశ లేదు కాబట్టి వడపోత కావాల్సి వచ్చింది. తాత ఒక పెద్ద మందుసీసా సంపాదించి, అడుగు దగ్గర కిరసనాయిలులో తడిపిన దారం చుట్టి వెలిగించాడు. మంట ఆరీ ఆరకముందే నీళ్లలో ముంచాడు. టిక్కుమని అడుగు ఊడొచ్చింది. సీసాను తలకిందులుగా తొట్టి మీద వేలాడదీసి, మూతి దగ్గర గుడ్డపీలిక, దాని మీద గులకరాళ్లు, ఇసుక, బొగ్గులు వేయాలి. తొట్టిలోని మురికినీళ్లు గ్లాసుతో తీసి పైన పోస్తే, తేటగా చుక్కచుక్క మళ్లీ తొట్టిలోకే దిగుతాయి. కొత్తనీళ్లు అక్కర్లేని ఆ ఏర్పాటు అమ్మకు బాగా నచ్చింది.

ఇసుకా బొగ్గులూ కడిగి తెచ్చే పని నాకు చెప్పాడు. ఏడు నీళ్లు కడగాలట, ఏడో నీళ్లు తాగేట్టుండాలట.

ఏడు నీళ్లు! వంకలో ఇసుకకూ పొయ్యిలో బొగ్గులకూ ఏడుసార్లు మంచినీళ్లు తగలెయ్యడమా? బూడిద కూడా సరిగా వదలకముందే, ఒక్కసారి కడిగి ఊరుకున్నాను. ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసి నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎన్ని నీళ్లు కడిగినావని తాత అడిగితే, ఏడని చెప్పాను.

వాటిని సీసాలో నింపి వడపోయడం మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి తొట్టి నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఒకటి వెల్లకిలా తేలింది. చెల్లెలు ఏడుస్తూ లేవబోతే అమ్మ రెండు చేతులా అదిమి పట్టుకుంది. కాలువలో నీళ్లు లేవు, ఇంకో చేప దొరకదు. కట్టు విప్పడానికి ఇంకా ముప్పై రోజులుంది. నా చేపకు ఏమైందక్కా అని అది నన్నే అడిగింది. నేను గోడ వైపు చూశాను.

తాత వచ్చి, బతికున్న రెండింటినీ మా తాగేకుండలోని చెంబెడు నీళ్లలోకి మార్చాడు. సీసా తీసుకుని వాళ్ల పెరట్లోకి పోతే నేనూ వెనకే పోయాను. ఇసుక గుమ్మరించి వేళ్ల మధ్య నలిపాడు. వేళ్లకు మసి అంటింది. ఆయనకు తెలిసిపోయింది. ఆయనకు తెలిసిందని నాకూ తెలిసిపోయింది. ఎన్ని నీళ్లని మళ్లీ అడిగాడు. ఏడే అన్నాను. పగిలిన అద్దం చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

తాత నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి మూలన బిందెలో నీళ్లు పెట్టుకునేవాడు. ఆ పూటకు వాళ్లింట్లో ఉన్న నీళ్లు అంతే. ఆ బిందె తెచ్చి, కూర్చుని కడగడం మొదలుపెట్టాడు. మొదటి నీళ్లు సిరా మాదిరి వచ్చాయి. ఏడో నీళ్లు దోసిట్లో పట్టి చూపిస్తే ఆయన చేతిగీతలు కనిపించాయి. బిందె ఖాళీ అయిపోయింది.

అంతలో నమాజు వేళైంది. ఆయన పెరట్లో శుభ్రంగా ఉన్నచోట కూర్చుని, రెండు అరచేతులతో నేలను తట్టాడు. ఆ ధూళితో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తట్టి చేతులు తుడుచుకున్నాడు. ఇదేంది తాతా అని అడిగాను.

"నీళ్లు లేనప్పుడు మన్నుతో సరిపెట్టుకోమని మాకు ఉండాది పాపా. చేపకు ఆ వీలు లేదు గదా," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఒక్కసారే కడిగినా తాతా, అబద్ధం చెప్పినా అన్నాను. నీళ్లు తక్కువని, అమ్మ తిడుతుందని ఇంకా ఏదేదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"చెప్పేసినావు గదా. ఇంక దాని మింద గీయగాకు."

ఇంటికి పోయి చెల్లెలికి ఒక్క మాటలో చెప్పేశాను. చేతికందిన గ్లాసు నా మీదికి విసిరింది. ఆ సాయంత్రమంతా ఆ బూడిద నీళ్లనే గ్లాసు గ్లాసుగా వడపోశాం. అవి తేరుకున్నాకే చేపలను తొట్టిలో వదిలాం. రెండూ బతికాయి. చెల్లెలు వాటిని చూస్తూ మిగిలిన ముప్పై రోజులూ పడుకుంది, కాలు వంకర లేకుండా కుదిరింది. తాత బతికినన్నాళ్లూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు, మా అమ్మతో కూడా చెప్పలేదు. మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఏ పెండ్లిలో కలిసినా పదిమందిలో 'నా చేపను చంపిందీయమ్మే' అని గీస్తూనే ఉంటుంది. నేను అద్దాన్ని కాదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మనవళ్లో మనవరాళ్లో తప్పు చేసి, ఒప్పుకుని నా ముందు నిలబడితే ఒక్క మాట అంటాను. నాకు కోపం జాస్తి, రెండో మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఆ అరచేతులు నేలను తట్టిన చప్పుడు వినిపిస్తుంది. నోరు మూసుకుంటాను.