కిటికీకి కట్టిన చీర

కుట్టుమిషన్ నూనె వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. నాకు పదేళ్లప్పుడు, చిట్యాలలో మా ముందుగదిని అమ్మ కుట్టుగదిగా మార్చింది. వెలుతురు ఎడమపక్క నుంచి పడాలని లైబ్రరీ పుస్తకంలో చదివి, కిటికీ దగ్గర మిషన్‌కు సుద్దముక్కతో జాగా గీశాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి మిషన్ చీకటి మూలన ఉంది, కిటికీకి పాత చీర వేలాడుతోంది.

"గీ చీకట్ల సూది బెజ్జం కనవడ్తదా అమ్మా? పుస్తకంల రాసింది అబద్ధమా?"

"నీ పుస్తకం రాసినాయన ఎన్నడన్న ఆడోళ్ల కొలతలు తీసిండా బిడ్డా?" అని అమ్మ నవ్వింది.

అమ్మకు చదువు విలువ తెలియదని వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. కిటికీ ఎదురుగా చాయ్ హోటల్ బల్ల మీద పొద్దంతా మగవాళ్లు మా ఇంట్లోకి చూస్తూ కూర్చునేవారని నాకు తర్వాతెప్పుడో తట్టింది. ముప్పై అయిదేళ్లకే అమ్మకు కళ్లద్దాలొచ్చాయి. మిషన్ జరిపిందని నేను అమ్మ మీద అలిగాను గానీ, ఆ బల్లను జరపమని ఊళ్లో ఒక్కరూ అనలేదు.