‘నవీకరించు’ అనే బటన్

కొత్త జిల్లాలు ఏర్పడిన కొన్నేళ్లకు నన్ను కాలువల శాఖ సాంకేతికాధికారిగా సూర్యాపేట సర్కిల్ ఆఫీసులో వేశారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆఫీసుల కంప్యూటర్లు నా కిందికి వచ్చాయి. మిర్యాలగూడ పక్క జిల్లాలోకి పోయినా, జిల్లాలు విడిపోయినంత తేలిగ్గా కాలువ విడిపోదు గనుక మా పెత్తనం అక్కడా సాగింది.

మా పనిలో ముఖ్యమైనది ఇండెంటు. ఏ తూముకు ఎంత నీరు కావాలో అడుగుతూ అక్కడి ఇంజనీరు పైకి పంపే పత్రం అది. దాని మీద డిజిటల్ సంతకం తప్పనిసరి. ఇంజనీర్లకు ఇచ్చిన సంతకం టోకెన్‌ను, అంటే కంప్యూటర్‌కు గుచ్చి సంతకం చేసే చిన్న పరికరాన్ని, ఒక సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ మాత్రమే గుర్తుపట్టేది. కొత్త వెర్షన్ దాని మొహం కూడా చూసేది కాదు. అందుకని పాతదాన్నే పోర్టబుల్ రూపంలో, అంటే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేలా, ఆఫీసుకొకటి ఇచ్చాను. దానంతటది అప్‌డేట్ కాకుండా సెట్టింగ్ మార్చాను. అయినా తెరిచినప్పుడల్లా చిన్న కిటికీ ఒకటి వచ్చి అడుగుతూనే ఉండేది. అప్‌డేట్ చెయ్యవద్దని మూడు ఆఫీసులకూ మెమో పంపాను.

ఇక్కడ నా తెలుగు పిచ్చి గురించి చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే మాటలన్నీ ఒక చిన్న ఫైల్‌లో ఉంటాయి, మార్చుకోవచ్చు. ఆదివారాలు కూర్చుని మొత్తం తెలుగు చేసి ఒక్కో ఆఫీసులో పెట్టుకుంటూ వచ్చాను, మిర్యాలగూడలో చివరగా పెట్టాను. అప్‌డేట్ బటన్ మీద ‘నవీకరించు’ అని, రెండో బటన్ మీద ‘తర్వాత’ అని పెట్టాను. మెమోలో మాత్రం అప్‌డేట్ అనే రాశాను. ఈ రెండూ ఒకటేనని చదువుకున్నవాళ్లకు తెలియాలన్నది ఇప్పటికీ నా వాదన.

మిర్యాలగూడ ఆపరేటర్ పేరు నవీన్. ఆఫీసంతా నవీ అని పిలుస్తారు. మూడు ఆఫీసుల ఇండెంట్లూ కలిపి పైకి పంపేది అతనే. చెప్పిన పని ఎదురు ప్రశ్న వేయకుండా చేసే మనిషి. కంప్యూటర్ల దగ్గర ఇంతకన్నా ప్రమాదకరమైన గుణం మరొకటి లేదు.

యాసంగి వరి పొట్టకొచ్చిన రోజుల్లో, ఆ తెలుగు మిర్యాలగూడ చేరిన మర్నాడు ఉదయమే అతను ఫోన్ చేసి, సంతకం పడటం లేదన్నాడు. సాయంత్రం ఐదింటిలోపు ఇండెంటు వెళ్లకపోతే అక్కడి తూములకు ఆ తడి లేనట్టే. మళ్లీ వంతు వచ్చేదాకా పొట్ట మీదున్న పైరు ఆగదు. నేను జీపులో వెళ్లేసరికి సైదులు అనే రైతు, తన తూము కింది మరికొందరితో, కంప్యూటర్ ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెర మీద కొత్త వెర్షన్ మెరిసిపోతోంది. ఎవరు నొక్కారని అడిగాను.

“నవీ, కరించు అని నన్నే అడిగింది గద సార్. నా పేరు పెట్టి చెప్పినంక నొక్కకపోతే ఎట్ల?” అన్నాడు నవీన్.

కరించు అంటే ఏమిటన్నాను.

“గది ఆఫీసు తెలుగు అనుకున్న సార్.”

సూర్యాపేటలో నా దగ్గరున్న అసలు ప్రతి తెప్పిద్దామనుకున్నాను. మొన్న మీటింగుకు వచ్చినప్పుడు అక్కడా తన పేరు కనబడితే నొక్కి వచ్చానని నవీన్ చెప్పాడు. తయారు చేసినవాళ్లు పాత వెర్షన్‌ను వెబ్‌సైట్‌లోంచి ఎప్పుడో తీసేశారు. కాగితం మీద సంతకంతో పంపుతామని పై ఆఫీసును బతిమాలితే కుదరదన్నారు. అంతా విన్న సైదులు నెమ్మదిగా, “మీ కంప్యూటర్ కొత్తగైనందుకు మా పొలం ఎండాల్నా సార్?” అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక మిగిలింది కోదాడ. అక్కడి సీనియర్ అసిస్టెంట్ వరలక్ష్మి గారికి ఫోన్ చేసి, ‘నవీకరించు’ గాని నొక్కారా అని భయపడుతూనే అడిగాను.

“నేనెందుకు నొక్కుతానండీ? అది నవీకేదో పంపమంటుంది. రోజూ పొద్దున్నే ఇండెంటేదక్కా అని ప్రాణం తీస్తాడు. ఎప్పుడడిగినా తర్వాత అనే కొడుతున్నాను” అన్నారామె.

నా సర్వీసులో అంత హాయైన మాట వినలేదు. ఆఫీసు మెయిల్ ప్రోగ్రాం ఫైళ్లను రానివ్వదు గనుక ఆ పెన్‌డ్రైవే పంపమన్నాను. ఎవరి కోసమో తెలిశాక ఆమె గొంతు మారింది. నవీన్ చేతికి ఇవ్వనంటే ఇవ్వనన్నారు. చివరికి తానే తెస్తానని హుజూర్‌నగర్ మీదుగా బస్సులో బయల్దేరారు.

ఐదు కావస్తుండగా చేరి, హ్యాండ్‌బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టారు. చిన్న కిటికీ వచ్చింది. నవీన్ చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి పోయింది. సైదులు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వరలక్ష్మి గారు ‘తర్వాత’ నొక్కారు. ఇంజనీరు టోకెన్ పెట్టి సంతకం చేశాడు, ఇండెంటు వెళ్లింది. వంతు ప్రకారం సైదులు తూముకు నీళ్లొచ్చాయి.

మర్నాడు కోదాడ ప్రతి నుంచే మిగతా రెండూ మళ్లీ తయారు చేశాను. మూడింటిలోనూ అప్‌డేట్ చేసే ఫైల్ తీసేసి, సరిగ్గా అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టాను. ఆ పేరు అప్పటికే ఒకరిదై ఉంటే కొత్త ఫైల్ వచ్చి కూర్చోలేదు. ఈ పనిలో ఇది పాత చిట్కా. తర్వాత మాటల ఫైల్ తెరిచి, నా ‘నవీకరించు’ను బాధపడుతూనే చెరిపేసి, ఆ చోట ‘చెడగొట్టు’ అని రాశాను.

యంత్రం అడిగే ప్రశ్న, జవాబు చెప్పాల్సిన మనిషి మాటల్లోనే ఉండాలని అప్పుడు తెలిసింది. నేను రిటైరయ్యేదాకా మూడు ఆఫీసుల్లో ఒక్కరూ ఆ బటన్ జోలికి పోలేదు. అందువల్ల నేను పెట్టిన ఖాళీ ఫోల్డర్ నిజంగా అప్‌డేట్‌ను ఆపుతుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.