డెమోకి రావలసిన మనిషి

2023 వర్షాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో నా ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, ఒక ప్రొజెక్టర్, కింద నుంచి వచ్చే తాలింపు వాసన. చుట్టుపక్కల మెట్లన్నీ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకే పోతాయి. నా మెట్లు ఎక్కేది మాత్రం చిన్నచిన్న వ్యాపారస్తులు. సరుకు బ్రహ్మాండంగా తయారుచేసి, దాని గురించి నలుగురి ముందు చెప్పమంటే చెమటలు పట్టేవాళ్ళు. వాళ్ళకి ప్రజెంటేషన్, అంటే కొనేవాళ్ళ ఎదుట తమ సరుకు గురించి ఒప్పించేలా చెప్పడం, నేర్పుతాను. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను కాబట్టి, “మేడం, మీరు మాట్లాడితే కొట్లాడినట్టుంటది” అని వాళ్ళు నన్ను ఆటపట్టిస్తుంటారు. కొట్లాడతాను కూడా.

యాదయ్యతో మొదటిరోజే కొట్లాడాను. నల్గొండ జిల్లా నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని ఇనప మంచాలు, ర్యాకులు చేసే మనిషి. ఎల్బీనగర్‌లో ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు రోగుల మంచాల కోసం నలుగురైదుగురిని పిలిచారు, అందులో ఈయన ఒకడు. తెచ్చిన స్లైడ్ల నిండా పైపు మందం, పెయింటు రకం, వెల్డింగు తీరు. తలెత్తకుండా అన్నీ చదివాడు.

“యాదయ్యగారూ, ఇదంతా కాగితం మీద ఇస్తే వాళ్ళే చదువుకుంటారు కదా. మీరెందుకు వెళ్ళడం?” అన్నాను.

“మరి ఏం చెప్పాలె మేడం?”

“మంచం సంగతి తర్వాత. ఆ మంచం మీద పడుకునే మనిషి గురించి చెప్పండి. ఒక్క మనిషి గురించి.”

ఆయన స్లైడ్లు ఆపేశాడు. తర్వాత భార్య సుగుణ గురించి చెప్పాడు. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ నడుస్తోంది. కాళ్ళలో బలం పోయి, బాత్రూంకి వెళ్ళాలన్నా ఎవరినో ఒకరిని లేపాల్సి వచ్చేది. ఆమెకి అది చావుకంటే ఎక్కువ నామోషీ. మంచం పక్కన బయటికి తిరిగే ఒక వంపు కడ్డీ పెట్టి, ఎవరి సాయం లేకుండా పట్టుకుని లేచేలా ఆమె కోసమే తయారుచేశాడు. ఎత్తు కుదరలేదని ఆమె అన్నప్పుడల్లా కోసి మళ్ళీ అతికించాడట.

“ఇంత కథ పెట్టుకుని పెయింటు గురించి చెప్తారేంటండీ!” అని నేను గదమాయించాను.

సుగుణని తీసుకొచ్చాడు. సన్నగా, చలాకీగా ఉండేది. ఆసుపత్రికి మంచం వ్యానులో తీసుకెళ్ళి, అందరి ముందు ఆమే పడుకుని లేచి చూపించేలా అనుకున్నాం. దీన్ని లైవ్ డెమో అంటాం. లైవ్ డెమోని నేను నమ్మను, సరిగ్గా అవసరమైనప్పుడే ఏదో ఒకటి మొరాయిస్తుంది. అందుకని అల్మాస్‌గూడలో వాళ్ళింటికి వెళ్ళి ముందుగా ఒక వీడియో కూడా తీశాను. ఆమె లేచి కూర్చుని, కెమెరాకేసి చూసి నవ్వింది. “చూసిన్రా? ఎవ్వల్ని పిలవలె. నేనే లేసిన!” అంది.

“ఇది దవాఖానల పడితే మేడం, నా అసొంటోళ్ళు రాత్రిపూట ఒకల్ని బతిలాడే పని లేదు” అని ఆ రోజు టీ ఇస్తూ అంది. యాదయ్య బెంగ వేరే. షెడ్డులో పని తగ్గిపోయి వెల్డర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు మూసేసి మళ్ళీ ఇంకొకరి దగ్గర కిటికీ గ్రిల్సు చేసుకోవాలి. ఈ మంచం అక్కడితో ఆగిపోతుంది.

ప్రజెంటేషన్ ఇక వారం ఉందనగా సుగుణ పోయింది.

నేను వెళ్ళేసరికి ఊరి నుంచి బంధువులంతా వచ్చి ఉన్నారు. పెద్దకర్మ అయ్యేదాకా యాదయ్య ఇంకొకరి గడప తొక్కకూడదన్నారు పెద్దలు. ఆసుపత్రివాళ్ళు తేదీ మార్చడం కుదరదన్నారు, కావాలంటే ఆన్‌లైన్‌లో చెయ్యమన్నారు. ఆయన వాళ్ళకి చెప్పింది ఇంట్లో పరిస్థితి బాగలేదని మాత్రమే.

“ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్ళూ మనుషులే కదా” అన్నాను.

“చెప్పలే మేడం. చెప్పను. చెప్తే జాలి పడ్తరు. మంచం చూడరు, నా మొఖం చూస్తరు. ఆమె గట్ల ఒప్పుకోదు.”

“మరి వీడియో తీసేద్దామా?”

“ఉండనియ్యండ్రి. అండ్ల మంచిగ లేస్తది.”

ఇంట్లో తలుపు వేసుకునే వీలున్నది సుగుణ గది ఒక్కటే. పోయినవాళ్ళ మంచం బయట పెట్టేస్తారు. కానీ పూర్తిగా తయారైనది అదొక్కటే కావడంతో యాదయ్య బతిమాలుకుని ఉంచాడు. గోడకి జరిపి ఉంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. దాని పక్కన ఆమె కోసం వెలిగించిన దీపం. ఆన్‌లైన్‌లో కెమెరా కంటికి సమానమైన ఎత్తులో ఉండాలి, లేకపోతే ఎదుటివాళ్ళకి మన గడ్డమే కనబడుతుంది. రెండు బియ్యం డబ్బాల మీద లాప్‌టాప్ పెట్టాను. మంచం, దీపం కనబడకుండా యాదయ్యని ఎదురుగోడ వైపు కూర్చోబెట్టాను. ముందు సాధన కోసం ఒకసారి మొత్తం చెప్పించాను కానీ వీడియో వెయ్యలేదు. వెయ్యబుద్ధి కాలేదు.

కాల్ మొదలయ్యాక యాదయ్య బాగా మాట్లాడాడు. అవతల అందరూ కెమెరాలు ఆపేసుకున్నారు, నల్లటి గళ్ళలో పేర్లు తప్ప ఏమీ లేవు. అనుభవమున్నవాళ్ళే ఆ నలుపు చూసి తడబడతారు. ఆయన తడబడలేదు. వీడియో దగ్గరికి వచ్చాం. నేను పక్క నుంచి నొక్కాను.

“చూసిన్రా? ఎవ్వల్ని పిలవలె. నేనే లేసిన!”

ఆ గొంతు ఇల్లంతా వినబడింది. ముందుగదిలో మాటలు ఆగిపోయాయి. తలుపు తోసుకుని సుగుణ తల్లి వచ్చి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. గదంతా కళ్ళతో వెతికింది. ఆ చూపు నేను చూశాను, చూడకుండా ఉంటే బాగుండేది.

తర్వాత ప్రశ్నలు. ధర, గ్యారంటీ, ఎన్నాళ్ళలో ఇస్తారు, అన్నీ మేం అనుకున్నవే. చివరికి నర్సింగ్ సూపరింటెండెంట్, అంటే అక్కడి నర్సులందరికీ పెద్దావిడ, అడిగింది.

“వీడియోలో ఒకసారే చూపించారు. ఆవిడ ఇంట్లోనే ఉన్నారుగా? ఇబ్బంది లేకపోతే ఇంకోసారి లేచి చూపించమనండి. చెయ్యి ఎక్కడ వేస్తున్నారో చూడాలి.”

ఏ ప్రశ్న వచ్చినా జవాబు ఉండాలని రాత్రనక పగలనక ఆయన్ని తయారుచేసినదాన్ని, దీనికి మాత్రం సిద్ధం కాలేదు. యాదయ్య మంచం వైపు చూశాడు. లాప్‌టాప్ ఆపేద్దామని నేను లేవబోయాను.

అంతలో ముసలావిడ నడుచుకుంటూ వెళ్ళి మంచం మీద కూర్చుంది. గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు “అయ్యో” అన్నారు. ఆమె పట్టించుకోలేదు. పడుకుంది. నా వైపు చూసి లాప్‌టాప్ తిప్పమన్నట్టు చెయ్యి ఊపింది. తిప్పాను. దీపం కూడా కనబడుతుందని తెలుసు, ఇంకేం చెయ్యను?

ఆమె కడ్డీ వెతుక్కుని పట్టుకుంది. మోకాళ్ళు మొరాయిస్తుంటే పళ్ళు బిగబట్టి, ఎవరినీ పిలవకుండా, లేచి కూర్చుంది.

ఒక గడిలో కెమెరా వెలిగింది. సూపరింటెండెంట్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని ఉంది. దీపాన్ని చూసిందని ఆ మొహమే చెప్పింది.

“ఆ కడ్డీ ఎత్తు ఎవరు చెప్పారండీ?” అని మెల్లగా అడిగింది.

“మా ఇంటామె చెప్పిందండి.”

“సరిగ్గా చెప్పింది.” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, “నాకింకేం ప్రశ్నల్లేవు” అంది.

లాప్‌టాప్ మూసేశాక బంధువుల్లో ఒకావిడ ఉండబట్టలేక అడిగింది. “పెద్దకర్మ గాకముందే గా మంచం మీద పండుకుంటరా, పెద్దమ్మా?”

“నా కడుపుల పుట్టిన బిడ్డ మంచం. నాకేందే మైల?” అంది ముసలావిడ. అని మళ్ళీ అదే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. “ఇగ జర పండుకుంట. నన్నెవ్వరు లేపకుండ్రి.”

అప్పుడు ఏడ్చాడు యాదయ్య. నేనూ ఏడ్చాను.

ఒక వార్డుకి సరిపడా ఆర్డరు ఇచ్చారు. షెడ్డు నిలబడింది. మంచాలు దించిన రోజు నేనూ వెళ్ళాను. ఆయన ఒక్కో కడ్డీ దగ్గరా ఆగి, ఎత్తు సరిగా ఉందో లేదో జానతో కొలుచుకున్నాడు. సుగుణ జానతో కొలిచేదట.

ఒక మనిషి కథ చెప్పండి, సరుకు అదే అమ్ముడుపోతుంది అని ఇప్పటికీ నా దగ్గరికి వచ్చినవాళ్ళకి చెబుతాను. కానీ ఇదివరకటిలా తేలిగ్గా అనలేను. ఆ మనిషి ఎవరు, ఇంట్లో ఆ మనిషి కోసం కళ్ళు వెతికేవాళ్ళు ఎవరున్నారు అని ముందు అడుగుతాను. వీడియో వెయ్యబోయే ముందు లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి వస్తాను.